చెప్పుటకొక క్రమము

చెప్పదగిన సంగతి గలవారు పెక్కండ్రు. వినువాని మనస్సున నిలుచునట్లు చెప్పగలవారు కొందఱే. విద్యార్థుల వ్యాసములను దిద్దుచు, వారి యుపన్యాసములను వినుచు మేము పెక్కేండ్లుగా గమనించిన విషయమిది. లోపము తఱచుగా జ్ఞానమున గాక క్రమముననే కనబడుచున్నది.

"భావము గొప్పదైనచో చాలదా? క్రమమనునది యలంకారమాత్రమే కదా!" యని కొందఱందురు. ఈ మాటను మేమంగీకరింపజాలము. మన పొరుగుననున్న సిరిసిల్ల మగ్గములను చూడుడు. నేతగాడు ముందుగా పడుగు పోగులను వరుసగా నమర్చి, పిమ్మటనే పేకను నడపును. పడుగు సరిగా లేనిచో నూలెంత మేలైనను గుడ్డ కానేరదు.

పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును మన బాలురు కష్టమైన గ్రంథమని తలంతురు. కాని దాని యమరికను గమనింపుడు. అందు పరిచ్ఛేదములు పది. మొదటిదగు సంజ్ఞా పరిచ్ఛేదమున ద్రుతమేదియో, కళలేవియో తెలిపి, పిమ్మటనే సంధి పరిచ్ఛేదమున నా పేర్లతో సూత్రములు చెప్పెను. చదువరికి తెలియని మాటతో తెలియని సంగతిని బోధింపలేదు. ఇతర పరిచ్ఛేదములలో నిముడని విషయములకు సయితము తుదిని ప్రకీర్ణకమని యొక చోటు కల్పించెను.

క్రమము వాదమునకును బలమిచ్చును. తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను వారి కవితలతో సహా చదువరుల ముందు నిలిపిరి. కోపముతో పలికిన మాట మఱునాటికి మఱపున బడును. వరుసగా నిలిపిన సాక్ష్యమును కాదనుట యెవరి తరము?

మేమెఱిగిన యొక గ్రామమున చెఱువు తూము చెడి పొలములెండుచుండగా, పెద్దలు మా విద్యార్థిచేత నొక యర్జీ వ్రాయించిరి. చెఱువు త్రవ్వించిన వారి కథ, వానలు లేని యేండ్ల గోడు, ఊరి తగవులు రెండు పుటలు నిండెను. తూము బాగుచేయవలెనను కోరిక కడపటి పంక్తిలో నుండెను. అధికారి సగము చదివి, "మీరడుగునదేమి?" యని కాగితమును త్రిప్పి యిచ్చెను. మఱల వ్రాయునప్పుడు కోరికను మొదట, కారణమును పిమ్మట, ఎండుచున్న పొలము లెక్కను ఆ తరువాత నుంచితిమి. ఈసారి యది యర్ధపుటకు మించలేదు. తూము బాగుపడుటకు మఱికొంత కాలము పట్టెను గాని, గ్రామము కోరునదేమో ఆ దినముననే యధికారికి తెలిసెను. మొదటి యర్జీలోను అసత్యమొక్కటియు లేదు. సత్యము త్రోవ తప్పినది, అంతియే.

విద్యార్థులారా! కలము పట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నేను చెప్పదలచిన దానిని ఒక్క వాక్యమున చెప్పగలనా? దానిని గ్రహించుటకు చదువరి ముందుగా నేమి తెలిసికొనవలెను? చదివి ముగించిన పిమ్మట నతడేమి చేయవలెనని నా కోరిక? వీనికి సమాధానము దొరకనిచో కలమును క్రింద నుంచి, మఱికొంత యాలోచింపుడు. వినువాడు తన కాలమును మనకిచ్చుచున్నాడు. దానిని వ్యర్థపుచ్చకుండుట మర్యాద.

మీలో పలువురి యిండ్లలో చదువు నేర్చిన మొదటివారు మీరే. ఆ యింటివారి కష్టము లోకమునకు తెలియవలెనన్నచో మీ కలమే వారి నోరు. అది తడబడిన నష్టపోవునది మీ మార్కులు మాత్రమే కాదు.