రిష్తా వచ్చేదాకా బీఎడ్



పోయిన వారం మొగల్‌పురాలో ఒక వలీమాకు వెళ్లాను. దస్తర్‌ఖాన్ దగ్గర పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కూతురి గురించి చెప్పాడు. "బీఎడ్ చేస్తోంది భాయ్. రిష్తా కుదిరేదాకా ఇంట్లో ఖాలీగా ఎందుకని చేర్పించాం." ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనబడలేదు. చార్మినార్ చుట్టుపక్కల ఏ గల్లీలో అడిగినా ఇదే జవాబు.

రెండేళ్ల చదువు, ఫీజు, ఆ పిల్ల మెహనత్. అంతా బయోడేటాలో ఒక లైను కోసం!

మా గల్లీలోనే ఒక అమ్మాయి ఉంది. ఇంటర్ ఎంపీసీ బాగా చదివింది. లెక్కలంటే ప్రాణం. డిగ్రీకి వచ్చేసరికి, దూరం పంపడం ఇష్టం లేక ఇంటికి దగ్గరని బీఏలో వేశారు. తర్వాత బీఎడ్. డిగ్రీలో లెక్కలు లేవు కాబట్టి మెథడాలజీ సోషల్ వచ్చింది. స్కూల్ అసిస్టెంట్ లెక్కల పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టూ, బీఎడ్‌లో ఆ మెథడాలజీ, పైన టెట్ రెండో పేపరూ కావాలి. అంటే ఆమె తలుపు మూసుకున్నది బీఎడ్‌లో కాదు, డిగ్రీ ఫారం నింపిన రోజు. ఆ రోజు ఇంట్లో చూసుకున్నది బస్సు దూరం ఒక్కటే.

"పోనీ, చిన్న పిల్లలకైనా చెప్పుకుంటుంది" అంటారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దారి కూడా మూసేసింది. ప్రైమరీ పోస్టులకు బీఎడ్ చెల్లదు, డీఎడ్ ఉండాలి. ఈ సంగతి తెలియని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

ఇక మిగిలేది గల్లీ ప్రైవేటు స్కూలు. అక్కడి తన్‌ఖా లాడ్ బజార్‌లో గాజుల దుకాణం కుర్రాడికి ఇచ్చేదాన్ని మించదు చాలాచోట్ల. బద్ర్ ఖైదీల సంగతి మనం ప్రతి సీరత్ జల్సాలో వింటాం. ఫిదియా కట్టలేని వాళ్లలో చదవడం రాయడం వచ్చినవాడు పదిమంది పిల్లలకు నేర్పిస్తే చాలు, విడుదల. పదిమందికి అక్షరం నేర్పడం ఒక మనిషి ఆజాదీకి సమానమైన ఖీమత్ అయింది. జల్సాలో సుబ్‌హానల్లాహ్ అంటాం. మన స్కూలు ఉస్తానీకి జీతం ఇచ్చేటప్పుడు మాత్రం ఆ లెక్క గుర్తురాదు.

రెండో వైపు చూడండి. 2024 డీఎస్సీలో తెలంగాణ ప్రభుత్వం 11,062 పోస్టులు ప్రకటించింది. వాటిలో భర్తీ కాకుండా మిగిలినవాటిలో ఉర్దూ మీడియం పోస్టులు చాలా ఉన్నాయి. దీనికి పెద్ద కారణం రోస్టర్. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టులకు ఉర్దూ చదివిన వాళ్లు దొరకరు, అవి అలాగే ఉండిపోతాయి. ఇంకొకరి హక్కు లాక్కోమని నేను అనడం లేదు. కానీ టీచర్ లేని క్లాసులో కూర్చునే పిల్లలు ఎవరి పిల్లలు? దీనికి ఒక రాస్తా వెతకాల్సింది హుకూమత్. అడగాల్సింది మనం. అడుగుతున్నామా?

ఇన్ని ఇబ్బందులున్నా దారి అసలు లేకపోలేదు. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ 1998 నుంచి ఉంది. అక్కడ బీఎడ్ ఉర్దూలోనే చదవొచ్చు. ఇంటర్ అయిన వెంటనే చేరే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు కూడా ఉంది. దానికి ఎన్‌సెట్ రాయాలి. మామూలు దారిలో డిగ్రీ మూడేళ్లు, బీఎడ్ రెండేళ్లు, మొత్తం ఐదు. ఇక్కడ ఒక సంవత్సరం మిగులుతుంది. పైగా టీచర్ కావాలన్న నియ్యత్ మొదటి రోజే కుదురుతుంది.

జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనలాంటి తెలుగు ముస్లిం ఇళ్ల సంగతి కొంచెం వేరు. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ మాట్లాడటం వస్తుంది, రాయడం రాదు. ఉర్దూ మీడియం పోస్టుకు మాట సరిపోదు, ఉర్దూ చదువు సర్టిఫికెట్లలో కనబడాలి. అది లేని పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మీడియం వైపు చూసుకోవాలి. మైనారిటీ గురుకులాలు కూడా ఇంగ్లీషు మీడియమే. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్న పిల్లకు టెట్ పాసవడానికి 150కి 75 మార్కులు చాలు, ఓసీలో అయితే 90. ఆ కాగితం తీసుకోవడానికి బద్ధకించి, పరీక్ష ముందు వారం మీసేవ చుట్టూ తిరిగే తండ్రుల్ని చూశాను. (ఒకసారి నేనూ తిరిగాను.)

అబ్బాయిల సంగతి అడగకండి. "టీచర్ నౌకరీయా?" అని మొహం చిట్లిస్తారు. గల్ఫ్ వీసా కోసం మూడేళ్లు ఎదురు చూడటానికి మాత్రం సబర్ ఉంటుంది.

వలీమా నుంచి వచ్చాక ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను. అమ్మాయి మెథడాలజీ ఏంటి, టెట్ ఎప్పుడు రాస్తోంది అని అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు.

"వాళ్ల అమ్మీని అడిగి చెప్తా భాయ్" అన్నాడు.