కార్లు ఇక్కడ, ఇంజనీర్లు ఎక్కడ?

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి కియా కంపెనీ 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నది. 2019 జనవరికే మొదటి కారు ప్రయోగాత్మకంగా బయటికి వచ్చింది. రెండేళ్లలో ఫ్యాక్టరీ లేచింది గాని, రెండేళ్లలో ఇంజనీరు తయారు కాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఏటా 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. భాగాలు బిగించే కుర్రవాళ్లకు కొద్దికాలం నేర్పితే పని పట్టుబడుతుంది. వెల్డింగు చేసే మరమనిషి మొరాయిస్తే లోపం ఎక్కడో కనిపెట్టేవాడు, అచ్చులో రేకు చిట్లితే కారణం చెప్పేవాడు అట్లా దొరకరు. ఏళ్ల తరబడి షాపులో చేతులు నల్లబడాలి. అటువంటివారు చెన్నై, పుణె వైపు స్థిరపడి ఉన్నారు. చెన్నై దగ్గర హ్యుందాయ్ 1998 నుంచే కార్లు చేస్తున్నది. పిల్లల బడి, భార్య ఉద్యోగం వదులుకొని పెనుకొండకు రమ్మంటే ఎవరైనా వెనకాడతారు. మొదట్లో కొరియా నుంచే నిపుణులను దించవలసి వచ్చింది.

"భూములిచ్చినాం, మా పిల్లోడు బి.టెక్. చదివినాడు, ఉద్యోగమెందుకు రాదు?" అనే ప్రశ్నలో న్యాయముంది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలనీ, అర్హులు లేకపోతే శిక్షణ ఇచ్చి తీసుకోవాలనీ 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ శిక్షణ ఏదీ? చట్టం కాగితం మీద రాసినంత తేలికగా లేత్ మిషను ముందు నిలబెట్టడం జరగదు.

అనంతపురం ఇంజనీరింగు కాలేజీ 1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో ఇక్కడికి వచ్చింది. అంత పాత కాలేజీ చెంతనుండగా, ఇప్పుడు జిల్లా పిల్లలంతా కంప్యూటరు సీట్ల వెంట పడుతున్నారు. మెకానికల్ సీట్లు అడిగేవారే తక్కువ. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. పక్కింటి అబ్బాయి బెంగుళూరు నుంచి పంపే జీతం కళ్లకు కనిపిస్తుంటుంది, పొరుగూరి ఫ్యాక్టరీలో పిల్లవాడికి ఏమి దొరుకుతుందో చెప్పేవారు లేరు.

2025లో ఈ కంపెనీ కరెంటు కారు కూడా మార్కెట్లోకి తెచ్చింది. బ్యాటరీ, మోటారు, కంప్యూటరు కలిసిన బండికి రెండు విద్యలూ తెలిసినవాడు కావాలి. అతడిని చెన్నైలోనూ వెతుక్కోవలసిందే. కనుక ఇది జిల్లాకు అందివచ్చిన అదను. కాలేజీ ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు పిల్లలు ఫ్యాక్టరీలోనే పని నేర్చుకోవాలి, అక్కడి ఇంజనీర్లు వచ్చి పాఠం చెప్పాలి. వచ్చే విద్యా సంవత్సరానికి ముందే కంపెనీ, విశ్వవిద్యాలయం, ఉభయ జిల్లాల కలెక్టర్లు కూర్చుని ఈ ఏర్పాటు ఖాయం చేయాలి.