పాట కావాలి, పలాస అక్కరలేదా?

2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ చలనచిత్ర పురస్కారాలను ప్రకటించింది. 2014 నుంచి 2023 వరకు ఏడాదికి మూడేసి ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది. 2020కి 'అల వైకుంఠపురములో', 'కలర్ ఫొటో', 'మిడిల్ క్లాస్ మెలొడీస్' ఆ గౌరవం పొందాయి. అదే ఏడాది మార్చి 6న విడుదలైన 'పలాస 1978' వాటిలో లేదు. గద్దర్ పేరు పెట్టుకున్న పురస్కారంలో దళితవాడ అన్నదమ్ముల కథకు చోటు దొరకలేదు.

కరుణ కుమార్ తొలి చిత్రమది. జీడిపప్పు పరిశ్రమకు పేరుపడ్డ పలాస-కాశీబుగ్గలో షావుకార్ల ఆధిపత్య పోరుకు దళిత యువకుల కండబలం ఎట్లా పెట్టుబడి అవుతుందో అది చూపింది. తెలుగు తెరపై ఏళ్ల తరబడి నవ్వులాటకే పరిమితమైన సిక్కోలు యాస ఇందులో ధిక్కార స్వరమైంది. విడుదలైన కొద్ది రోజులకే కరోనా వల్ల థియేటర్లు మూతపడ్డాయి.

సామాజిక చిత్రాలను విస్మరించలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 'కలర్ ఫొటో' వర్ణవివక్షను చెప్పింది. 2021 జాబితాలో ఉన్న 'ఉప్పెన' పరువు పేరిట జరిగే హింసను చెప్పింది. అవి అర్హమైనవే. అయితే ఆ రెండింటిలోనూ వివక్ష ప్రేమకు అడ్డంకిగా వస్తుంది. 'పలాస'లో కులం శ్రమను, వ్యాపారాన్ని, రాజకీయాన్ని నడిపించే యంత్రాంగం. మొదటిదానికి ప్రేక్షకుడు కన్నీరు పెడితే చాలు. రెండవది అతని స్థానమేమిటో అడుగుతుంది.

ఈ చిత్రంలోని 'నక్కిలీసు గొలుసు' ఉత్తరాంధ్ర జానపదం. అది ఊరూరా పెళ్లి పందిళ్లలో, కళాశాల వేదికలపై మోగింది. పాటను అందరూ సొంతం చేసుకున్నారు. ఆ పాట పుట్టిన వాడల కథ మాత్రం గౌరవానికి నోచుకోలేదు.

పలాస ఉన్న ఆంధ్రప్రదేశ్ సంగతి మరీ విచారకరం. 2014, 2015, 2016 చిత్రాలకు 2017 నవంబరులో నందులు ప్రకటించాక ఆ పురస్కారమే మూలనపడింది. సొంత రాష్ట్రంలో ఈ చిత్రాన్ని తూచే త్రాసే లేదు. ఢిల్లీ సంగతి చెప్పాలంటే, 2021 జాతీయ పురస్కారాల్లో 'జై భీమ్'కు ఒక్కటీ రాలేదు.

మంచి చిత్రాలన్నింటికీ పురస్కారాలు రావు. న్యాయనిర్ణేతలకు కులద్వేషం అంటగట్టడం కూడా నా ఉద్దేశం కాదు. కానీ ప్రజాధనంతో ఇచ్చే గౌరవానికి ప్రజలకు కారణం చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. ఏయే చిత్రాలు పరిశీలనకు వచ్చాయి, ఏ ప్రమాణాలతో ఎంచారు, న్యాయనిర్ణేతల్లో దళిత, ఆదివాసీ, బహుజన కళాకారులు ఎందరు? ఈ వివరాలను రెండు ప్రభుత్వాలూ బహిరంగపరచాలి. నందులను పునరుద్ధరించేటప్పుడైనా ఆంధ్రప్రదేశ్ దీనిని నియమంగా పెట్టుకోవాలి. టెక్కలిలోనో ఉద్దానంలోనో రేపు కెమెరా పట్టబోయే విద్యార్థికి, తన వాడ కథ కూడా తూకానికి వస్తుందన్న నమ్మకం కలగాలి.