మోచేయి బిగుసుకుపోతే మాలిష్ మందు కాదు

మన షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు గ్రామాలలో బండి మీద నుండి పడి మోచేయి విరిగిన వారికి ఇరుగుపొరుగు ఇచ్చే సలహా ఒకటుంది: "కట్టు విప్పాక నూనె పెట్టి గట్టిగా మాలిష్ చేయించు, చెయ్యి సాగుతుంది." ప్రేమతో చెప్పే మాటే. అయినా దాని వల్లనే కొందరి చెయ్యి ఇంకా బిగుసుకుపోతుంది. ఈ అలవాటును మనం మానుకోవాలని నా అభిప్రాయం.

మోచేయిలో మూడు ఎముకలు కలుస్తాయి. వాటి చుట్టూ సంచి వంటి పలుచని పొర ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ పొర మందమై ముడుచుకుంటుంది. ఎక్కువ రోజులు కదపకపోతే అలాగే గట్టిపడుతుంది. ఎముక వంకరగా అతికినా కీలు కదలదు. ఇక కీలు ముందున్న కండరం దెబ్బతిని ఉండగా నలిపినా, గుంజినా మళ్ళీ లోపల రక్తస్రావమై, కండరంలోనే ఎముక పెరగవచ్చు. దీనిని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు.

తిరుపతికి దగ్గరి పుత్తూరు కట్టు అంటే మనవారికి ఎంతో నమ్మకం. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ ఎక్స్‌రే తీయకుండా ఏ కట్టూ వద్దు, ముఖ్యంగా పిల్లలకు. బిగుతు కట్టు వలన రక్తం ఆడక చెయ్యి ముడుచుకుపోతుందని జర్మనీ వైద్యుడు వోల్క్‌మన్ 1881లోనే వివరించారు. కట్టిన తర్వాత వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారే వరకు ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

మరి ఏం చేయాలి? ఎముక విరగకుండా కీలు మాత్రమే తొలగితే, సరిచేసిన తర్వాత సాధారణంగా ఒకటి రెండు వారాలలో కదపడం మొదలుపెట్టాలి. ఎముక విరిగితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి. ఇతరులు పట్టి వంచకూడదు. సొంత బలంతో, నెమ్మదిగా, రోజుకు నాలుగైదుసార్లు ముడవాలి, చాపాలి, అరచేతిని పైకీ కిందికీ తిప్పాలి. పిల్లలకు ఆటలే వ్యాయామం. చాలామందికి కొన్ని నెలలలో సర్దుకుంటుంది.

చెయ్యి పూర్తిగా చాపలేకపోయినా దిగులు పడవద్దు. 30 నుండి 130 డిగ్రీల మధ్య కదిలితే రోజువారీ పనులు చాలావరకు చేసుకోవచ్చని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1981లో తెలిపారు. ముద్ద నోటికి అందాలి, తల దువ్వుకోగలగాలి. అదే మొదటి లక్ష్యం. నెలల తరబడి వ్యాయామం, స్ప్లింట్ వాడినా ఫలితం లేకపోతే ఆపరేషన్‌తో బిగిసిన పొరను విడిపించే మార్గం ఉంది.

తప్పంతా రోగులదే అనను. కూలి పోగొట్టుకొని వారం వారం ఫిజియోథెరపీకి పట్నం వెళ్ళడం అందరి వల్లా కాదు. అందుకే కట్టు విప్పిన రోజునే వ్యాయామం ఎలా చేయాలో రోగికీ, వెంట వచ్చినవారికీ చేసి చూపడం వైద్యుల బాధ్యత. చూపకపోతే మొహమాటపడకుండా అడగండి. అది నేర్చుకోకుండా ఇంటికి వెళ్ళవద్దని నా మనవి.