పానశాలల పటముతో పట్టణ ప్రయాణము



మన పల్లెలలో ఒకడు సంచి చేతబట్టుకొని బస్సు ఎక్కుచుండగా చూచినవారు రెండు ప్రశ్నలు అడుగుదురు. "ఏ ఊరికి?" అనునది మొదటిది. "ఎవరింటికి?" అనునది రెండవది. ఆసుపత్రిలో ఒక రోగి, హాస్టలులో ఒక బిడ్డ, పెండ్లియైన చెల్లెలు, పాత స్నేహితుడు, ఎవరో ఒకరు ఆ ఊరిలో మనకొరకు కనిపెట్టుచుందురు. అందుచేత రెండవ ప్రశ్నకు జవాబు లేని ప్రయాణము మన పెద్దలకు వింతగా తోచెడిది.

నేడు ఆ ప్రశ్నకు ఒక క్రొత్త జవాబు వచ్చినది. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మన బిడ్డలలో కొందరు రెండు దినముల సెలవు దొరకగానే బెంగుళూరునకు పోవుచున్నారు. ఎవరింటికి? ఎవరింటికిని కాదు. అక్కడి బీరు పానశాలలకు. శుక్రవారము రాత్రి బస్సు ఎక్కుదురు. శనివారము మధ్యాహ్నము ఇందిరానగరములో ఒకటి, సాయంకాలము కోరమంగళలో ఒకటి, రాత్రి చర్చి స్ట్రీటులో ఒకటి, ఆదివారము వైట్‌ఫీల్డులో మరియొకటి. సెల్‌ఫోనులోని పటముమీద ఒక్కొక్క పానశాలకు ఒక్కొక్క గుర్తు పెట్టి, ఆ గుర్తులను కలుపుకొనుచు దారి నిర్ణయింతురు. తిండియు బసయు నిద్రయు మిగిలిన సందులలో ఇరికింపబడును. ఇట్టి ప్రయాణమును గూర్చియే నేడు మీతో మాటలాడగోరుచున్నాను.

ఈ పానశాలలు ఎట్టివో పల్లెలోని చదువరులకు కొంత చెప్పవలెను. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టుదురు. వాటిని నలుగగొట్టి వేడి నీళ్లలో ఊరబెట్టి, ఆ తీపి రసమును హాప్స్ అను చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెట్టుదురు. ఊరబెట్టుట మొదలుకొని ఈ పనియంతయు దుకాణములోనే, త్రాగువారి కన్నులయెదుట నిలిచిన పెద్ద తొట్లలో జరుగును. 2009లో పూనాలో డూలాలీ అను పేరుతో ఇట్టిది ప్రారంభమైనది. 2010లో బెంగుళూరు ఇందిరానగరములో టాయిట్ తెరువబడినది. తెలంగాణ ప్రభుత్వము 2015లో ఇట్టి దుకాణములకు నియమములు చేసినది. అక్కడ తయారగు పానీయమునకు "క్రాఫ్ట్ బీరు" అని పేరు.

త్రాగువాడు కల్లు త్రాగినను బీరు త్రాగినను ఒకటే, దీనికి ఒక వ్యాసమెందుకు అని మీలో కొందరు అనవచ్చును. ఇది వేరుగా పలుకవలసిన సంగతియే. కల్లు త్రాగువాడు తాను త్రాగుచున్నానని ఎరుగును, ఊరును ఎరుగును. ఈ క్రొత్త ప్రయాణికుడు తాను త్రాగుట లేదనియు, "రుచి చూచుచున్నాను" అనియు చెప్పుకొనును. మాటలో జరిగిన ఈ మార్పే నన్ను భయపెట్టుచున్నది.

రుచి చూచుట ఎంతయో లెక్క వేసి చూతము. ఈ దుకాణములలో ఒక చెక్క పలకమీద చిన్న గ్లాసులు వరుసగా పెట్టి తెచ్చి ఇత్తురు. ఆరు గ్లాసులు, ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు అనుకొనుడి. అది 600 మిల్లీలీటర్లు. దినమునకు మూడు చోట్లు తిరిగినయెడల 1,800 మిల్లీలీటర్లు. అందులో మద్యసారము నూటికి 5 పాళ్లే అనుకొందము; అంతకు మించినవి కూడ అక్కడ కలవు. అయినను 90 మిల్లీలీటర్ల మద్యసారము కడుపులోనికి పోయినది. మన ఊరి బ్రాంది షాపులో దొరకు క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు, నూటికి 42.8 పాళ్ల చొప్పున అందులో ఉన్నది 77 మిల్లీలీటర్లు మాత్రమే. క్వార్టరు త్రాగి అరుగుమీద పడియున్న కూలివానిని మనము త్రాగుబోతు అందుము. దానికంటె ఎక్కువ త్రాగి మెత్తని కుర్చీలో కూర్చున్నవానిని రసికుడు అందుమా? దేహము ఆ భేదమును ఎరుగదు. మద్యపానీయములు మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ణయించినది. ఇంత త్రాగినయెడల ఆరోగ్యమునకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. బార్లీ మంచిదనియు తొట్టి శుభ్రమైనదనియు చెప్పుట దీనికి జవాబు కాదు.

"క్రాఫ్ట్" అను మాటను గూర్చి కూడ ఒక మాట. దానికి చేతిపని అని అర్థము. చేతిపనియందు గౌరవముండుట మంచిదే. అయితే ఆ మాట ఎంత సాగినదో చూడుడి. అమెరికాలో ఇట్టి బీరు తయారీదారుల సంఘము "చిన్న" తయారీదారుడు అనగా ఎవడని నిర్ణయించుకొన్నది? సంవత్సరమునకు 60 లక్షల పీపాలవరకు తయారుచేయువాడు. అది సుమారు 70 కోట్ల లీటర్లు! అంతకుముందు 20 లక్షల పీపాలుగానున్న హద్దును వారే ఇట్లు పెంచుకొనిరి. షికాగో పట్టణపు గూస్ ఐలండ్ అను పేరుపొందిన క్రాఫ్ట్ బీరు కంపెనీని 2011లో లోకములోని బీరు కంపెనీలలో మిక్కిలి పెద్దదే కొనివేసినది. చేతిపనిమీద అంత ప్రేమ కలవాడు పోచంపల్లిలో ఒక మగ్గము ముందు అరగంట కూర్చుండవచ్చును. మంగళగిరిలో చీర నేయువాని వ్రేళ్లను చూడవచ్చును. అట్టి యాత్రకు ఎవడైన పటము గీసికొన్నాడా?

ఇక్కడ చదువుకొన్న యౌవనుడు నాకు అడ్డు చెప్పును. "అయ్యగారూ, ఐరోపాలో సన్యాసులే బీరు చేసిరి గదా? లూథరు భార్యయైన కేథరీన తన ఇంట బీరు చేసినది గదా? కానాలో పెండ్లివిందుకు ద్రాక్షారసమిచ్చినవాడు మన ప్రభువే గదా? పౌలు తిమోతికి కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను గదా?" ఇవన్నియు నిజమే. నిజమును దాచి వాదించుట సేవకునికి తగదు. కాబట్టి వాటినే తీసికొని విచారింతము.

బెల్జియములో సెయింట్ సిక్స్‌టస్ అను మఠమున్నది. అక్కడి సన్యాసులు వెస్ట్‌వ్లెటెరెన్ అను బీరు చేయుదురు. 2005లో అది లోకమంతటిలో ఉత్తమమైనదని పేరు పొందినప్పుడు, కొనగోరువారి కార్లు మఠము గుమ్మమునొద్ద బారులు తీరినవి. సన్యాసులు ఏమి చేసిరి? తయారీని పెంచలేదు. మఠము గడచుటకు చాలినంతయే చేయుదుమనిరి. వారి దినమునకు ప్రార్థన గంటలు హద్దులు; బీరు ఆ హద్దుల లోపల ఒక పని. మన ప్రయాణికుని దినమునకు పానశాలలే గంటలు. సన్యాసుల పేరు చెప్పువాడు వారి హద్దును కూడ చెప్పవలెను గదా? కానాలో విందు పెండ్లి నిమిత్తము; రసము కొరకు పెండ్లి చేయలేదు. తిమోతికి వ్రాయబడినది కడుపు జబ్బుకు. ఎఫెసులోని పానశాలలు తిరిగి రమ్మని అతనికి ఎవరును వ్రాయలేదు. యెషయా గ్రంథము ఐదవ అధ్యాయము తీసి చూడుడి. వేకువనే లేచి మద్యమును వెదకికొని పోయి, రాత్రివరకు దానితోనే గడపువారిని గూర్చి ప్రవక్త అంగలార్చుచున్నాడు. అట్టివారు దేవుడు చేయుచున్న పనిని చూడలేకపోవుదురన్నదే ఆయన ముఖ్యమైన దుఃఖము. తీసికొన్న చుక్కలను ఆయన లెక్కపెట్టలేదు; చూడక విడిచిన సంగతులను లెక్కపెట్టెను.

ఆ లెక్కను మనమును వేయుదము. చర్చి స్ట్రీటుకు చేరువనే సెయింట్ మార్క్స్ దేవాలయమున్నది. దాని ఆరంభము 1808లో. అర్ధరాత్రి ఆ వీధినుండి మరలిన మన బిడ్డ ఆదివారము ప్రొద్దున ఏ గంటకు లేచును? 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ తోట ఆ పటములో లేదు. హోసూరు రోడ్డుమీది నిమ్హాన్స్ ఆసుపత్రి ఆ పటములో అసలే లేదు. మనస్సు చెదరిన బిడ్డలను తీసికొని రాయలసీమ పల్లెలనుండి తల్లిదండ్రులు అక్కడికి పోవుదురు. త్రాగుడు విడువలేనివారికి చికిత్స చేయుటకు అక్కడ ప్రత్యేక విభాగమే కలదు. అనంతపురము, కర్నూలు ప్రాంతములనుండి వలసపోయి ఇటుకలు మోయుచు రేకుల గుడిసెలలో కాపురముండువారు ఆ నగరములో ఉన్నారు. వారిలో ఒకడు నీకు వరుసకు మామయో చిన్నాన్నయో కావచ్చును. నీవు నాలుగు పానశాలలకు గుర్తులు పెట్టిన పటములో ఆయనకు ఒక గుర్తు పట్టలేదా?

సహోదరీ సహోదరులారా, ఈ దేశములో మద్యమునకు ఎదురు నిలిచినవారు ఎవరో మరవకుడి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. రోశమ్మవంటి కూలిస్త్రీల పేళ్లు రాష్ట్రమంతట వినబడినవి. వారి పోరాటమువలన 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో అది సడలింపబడినది. చట్టము వచ్చినను పోయినను, ఆ తల్లులు చెప్పిన మాట ఒక్కటే: పురుషుని కూలి డబ్బు ఇంటికి రావలెను, పురుషుడును ఇంటికి రావలెను. ఆ తల్లుల మనుమలు నేడు చదువుకొని ఉద్యోగములలో ఉన్నారు. నాయనమ్మ మూయించిన అంగడి వేరు, నేను పోవు చోటు వేరు అని ఒక మనుమడు అనవచ్చును. అద్దాలు వేరే, ధరలు వేరే. ఆలస్యముగా ఇల్లు చేరువానికొరకు తలుపునొద్ద కూర్చున్న భార్య మాత్రము వేరు కాదు.

ఇప్పుడు సంఘపు పెద్దలతో ఒక మాట. ఈత చెట్టు క్రింద ముంత పట్టినవానిని మీరు ప్రభువు బల్లనుండి దూరముగా ఉంచుదురు. నెలకు లక్ష రూపాయలు తెచ్చు కుమారుడు పండుగకు ఇంటికి వచ్చి, తాను తిరిగిన పానశాలల ఛాయాచిత్రములను తమ్మునికి చూపించుచుండగా, మీరు నవ్వి ఊరకుందురు. అతని కానుక పెద్దదని ఊరకుందురా? ఆ తమ్ముడు ఇంటరు చదువుచున్నాడు. అన్న చూపు ప్రతి బొమ్మను చూచుచున్నాడు. ఒకే పనికి పేదవానియొద్ద ఒక పేరు, కలవానియొద్ద ఒక పేరు పెట్టు సంఘము ఎవనిని గద్దింపగలదు? ముంత పట్టినవాడు మిమ్మును చూచి ఏమనుకొనును?

ఓ యౌవనుడా, నీవు నగరమునకు పోవద్దని నేను చెప్పుట లేదు. వారమంతయు యంత్రము ముందు కూర్చున్నవానికి విశ్రాంతి కావలెను, స్నేహితులతో నవ్వు కావలెను, క్రొత్త ఊరు చూడవలెను. ఇవి దేవుడిచ్చిన మంచి కోరికలు. ఆ కోరికలను ఒక తొట్టికి తాకట్టు పెట్టవద్దనియే నా మనవి. ఈసారి పటము తీసినప్పుడు ముందుగా మనుష్యులకు గుర్తులు పెట్టుము. ఊరినుండి వలసపోయిన ఒక కుటుంబము, ఆసుపత్రిలో ఒక రోగి, ఆ నగరములో తెలుగు ఆరాధన జరుగు ఒక సంఘము. తరువాత తోట, పుస్తకాల అంగడి, వేడి దోసె. స్నేహితులలో ఒకడు "ఇదేమి యాత్ర?" అని ఎగతాళి చేసినయెడల, సోమవారము ప్రొద్దున ఇద్దరిలో ఎవని తల తేలికగానున్నదో చూడుమనుము.

తండ్రులారా, తల్లులారా, మీ బిడ్డ బస్సు ఎక్కునప్పుడు మన పాత ప్రశ్న అడుగుట మానవద్దు. కోపముతో కాదు, ప్రేమతో అడుగుడి: "నాయనా, ఎవరింటికి?" జవాబు లేనియెడల ఒక చిరునామా వ్రాసి చేతికియ్యుడి. సంచిలో కొంచెము పచ్చడియు పెట్టి, ఆ ఇంట ఇచ్చి రమ్మనుడి. పచ్చడి చేతబట్టుకొని పోయినవాడు ఒక గడప ఎక్కక తప్పదు. ప్రభువు మన బిడ్డల రాకపోకలను కాపాడునుగాక. ఆమేన్.