నూనె చప్పుడు

మా ఇంట్లో నెలకొకసారి ఏడెనిమిది మందిమి కూర్చుంటాము. ఆ కూర్చోవడానికి ఒక పేరు లేదు, అధ్యక్షుడు లేడు, వందన సమర్పణ అంతకన్నా లేదు. వరంగల్లు నుండి ఇద్దరు, మహబూబాబాద్ నుండి ఒకరు రైలు దిగి వస్తారు. నర్సంపేట మిత్రునికి బస్సే గతి. కాజీపేట–విజయవాడ మార్గంలో ఉన్న పుణ్యానికి మా నెక్కొండకు ఈపాటి సాహిత్యం దక్కుతున్నది. ఎవరో ఒకరు కథ చదువుతారు, తక్కినవారు దానిని చీల్చి చెండాడుతారు, నడుమ పళ్ళెంలో మిర్చి బజ్జీలు వస్తుంటాయి. వస్తుంటాయి అన్నాను గానీ, తెచ్చేది నా శ్రీమతి.

నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం, కథ చదవడం ముగిసిన తరువాత, వరంగల్లు మిత్రుడు ఒకాయన మర్యాద కోసమో, నిజంగా తెలుసుకోవాలనో, బజ్జీల పళ్ళెం పట్టుకొని వచ్చిన ఆమెను అడిగాడు: “వదినా, కథ ఎట్లున్నది?” ఆమె పళ్ళెం కింద పెట్టి, “ఏమో మరి, నూనె సప్పుడుల నాకేం ఇనబడలే” అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా అనలేదు. కరెంటు పోయింది అని చెప్పినట్టు చెప్పింది. అందరం నవ్వాము. బజ్జీలు బాగున్నాయి కాబట్టి తిన్నాము కూడా.

ఆ రాత్రి నాకు తట్టిన లెక్క ఇది. మేము కూర్చోవడం మొదలుపెట్టి నాలుగేళ్ళు. ఏ వానకో పెళ్ళికో పోయినవి తీసివేసినా నలభై సాయంత్రాలు. మా ఇంట్లో నలభై కథలు చదివారు, ఆమె ఒక్కటీ వినలేదు. నలభై సార్లూ పది అడుగుల దూరంలోనే ఉన్నది.

అప్పటి నుండి “సులువుగా చేసే చిరుతిళ్ళు” అన్న శీర్షిక ఎక్కడ కనిపించినా నాకు అనుమానం వస్తున్నది. ఎవరికి సులువు? పదిహేను నిమిషాలలో అయిపోతుంది అని ఊరించే వంటకాలలో అధికభాగం వేయించేవి. మిర్చిని చీల్చడం, వాము, చింతపండు కూరడం, శనగపిండి కలపడం నిజంగానే పదిహేను నిమిషాల పని. కానీ బజ్జీ చల్లారితే బజ్జీ కాదు. వచ్చినవారు తింటున్నంతసేపు వేసేవారు పొయ్యి దగ్గర నిలబడవలసిందే. అది పదిహేను నిమిషాల వంట కాదు, మూడు గంటల కాపలా. చిరుతిండిని రుచిని బట్టి, ఖర్చును బట్టి తూచడం అందరూ చేసేదే. దానిని చేసినవారు తినే వేళకు ఎక్కడ కూర్చొని ఉంటారు అన్నదానిని బట్టి మొదట తూచాలని నా వాదన.

ఇది నేను కనిపెట్టిన కొలత కాదు. మన ఆడవారు ఎప్పుడో కనిపెట్టి పెట్టారు, నేనే ఆలస్యంగా చూశాను. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టుకు ఏమి తీసుకుపోతారో చూడండి. నువ్వుల పొడి, పల్లీల పొడి, బెల్లం కలిపి దంచిన మలీద, పులిహోర, పెరుగన్నం. వీటిలో ఒక్కటైనా వేడి వేడిగా తినవలసినది ఉన్నదా? ఒక్కటైనా, అక్కడ ఒకరు పొయ్యి దగ్గర ఉండి దించవలసినది ఉన్నదా? అన్నీ ఉదయానికే డబ్బాలకు ఎక్కేస్తాయి. సాయంత్రం ఆడేటప్పుడు ఆ వలయంలో అందరూ ఉంటారు. బతుకమ్మలను నీటిలో విడిచిన తరువాత డబ్బాల మూతలు తీసి చేతులలో పోసుకొని పంచుకుంటారు. ఆడవారు తమ కోసం తాము ఏర్పరచుకొన్న కూడికలో వంటింటికి ఎవరినీ అప్పగించలేదు. మగవారు కూర్చునే కూడికలలో మాత్రం ఎవరో ఒకరు లోపల ఉండవలసి వస్తున్నది. ఈ తేడా యాదృచ్ఛికమని నాకు అనిపించదు.

సరే, వాదన చేసినవాడు వండి చూపాలి గదా. నేను ఎంచుకున్నది సర్వపిండి. మా వైపు ఈ పేరే. కొన్ని ఊళ్ళలో గిన్నప్ప అంటారు, మరికొన్ని చోట్ల తపాలచెక్క. సర్వ అనే గుండ్రటి అడుగు గిన్నెలో చేసేది కాబట్టి ఆ పేరు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లి ఆకు, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు వేసి రొట్టెపిండి కన్నా కొంచెం మెత్తగా తడుపుతాము. సర్వ లోపల నూనె రాసి, పిండిముద్దను అడుగుకూ అంచులకూ వేళ్ళతో పలచగా అద్ది, అక్కడక్కడ వేలితో రంధ్రాలు చేసి, ఆ రంధ్రాలలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద వదిలివేయడమే. తిప్పవలసిన పని లేదు. కింద ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా ఉండాలి. మూత పెట్టిన క్షణం నుండి అది తన పని తాను చేసుకుంటుంది, మనము వచ్చి కూర్చోవచ్చు. ఈ ఒక్క గుణానికే నేను దానికి దండం పెడతాను.

నా మొదటి ప్రయత్నం గురించి చెప్పకపోతే నిజాయితీ కాదు. మొదటిది బాగానే వచ్చింది. ఆ ఉత్సాహంలో రెండవ ముద్దను అదే వేడి సర్వలో అద్దబోయాను. పిండి అంటుకోలేదు, వేళ్ళు అంటుకున్నాయి. గిన్నె చల్లగా ఉంటేనే పిండి పలచగా పరచుకుంటుందని, అందుకే మా అమ్మ సర్వను బోర్లించి వెనుక నీళ్ళు చల్లేదని, లేదా రెండు సర్వలు మార్చి మార్చి వాడేదని అప్పుడు గుర్తు వచ్చింది. యాభై ఏళ్ళు తిన్నవాడికి కూడా తెలియని సంగతి! ఇప్పుడు మా ఇంట్లో రెండు సర్వలున్నాయి. అరకిలో పిండికి నాలుగు వస్తాయి, ఒక్కొక్కటి నాలుగు తునకలు. ఎనిమిది మందికి తలా రెండు. మధ్యాహ్నమే చేసిపెట్టినా సాయంత్రానికి రుచి తగ్గదు. కొందరైతే చల్లారిన తరువాతే బాగుంటుందంటారు, నేనూ ఆ పక్షమే. కారం సంగతికి వస్తే, మా ప్రాంతపు చపాటా మిరపను వాడితే ఎర్రటి రంగు వస్తుంది గానీ నోరు మండదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన తరువాత దాని పేరు దూరాలకు పోయింది. బస్సులో వచ్చే మా మిత్రునికి మాత్రం అది కారమే కాదు, పక్కన పచ్చిమిరపకాయ పెట్టాలి.

సర్వపిండి కుదరని నెల గుడాలు. కోస్తావారు గుగ్గిళ్ళంటారు. అరకిలో బొబ్బర్లు ముందు రాత్రి నానవేసి, ఉడికించి, ఎండుమిరపకాయ, ఆవాలు, ఉల్లిపాయ, కరివేపాకుతో పోపు పెడితే పది మందికి సరిపోతాయి. శనగలతోనూ చేయవచ్చు, పెసలతోనూ చేయవచ్చు. దీని గురించి ఇంకా రాయడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. మక్కపేలాలు కూడా అంతే. మక్కజొన్న పండే నేల మీద నిలబడి, పట్టణపు సినిమాహాలులో అదే గింజకు వందల రూపాయలు ఇచ్చి వచ్చిన వీరులు మాలో ఉన్నారు. తొలి ఏకాదశికి జొన్నపేలాలు దంచి బెల్లం కలిపి పేలపిండి చేసుకునేవారము. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినపుడు మా వాళ్ళొకరు ఆ పేలపిండి గురించి ఉపన్యసించారు. ఉపన్యాసం నడుస్తున్నంతసేపూ నా శ్రీమతి లోపల బజ్జీలు వేస్తూనే ఉన్నది.

అతిథికి చల్లారినది పెట్టడం అవమానం కాదా అని నర్సంపేట మిత్రుడు అడిగాడు. అతని ఆక్షేపణలో బలం ఉన్నది. మన మర్యాదలో వేడికి చోటున్నది. పొయ్యి మీది నుండి నేరుగా విస్తరిలోకి వచ్చేది ప్రేమకు గుర్తు. నేను కాదనను. ఆ ప్రేమ చూపించాలని అంత ఉబలాటం ఉన్నవారు తామే పొయ్యి దగ్గర నిలబడవచ్చు, అంతే. అతడు వచ్చే నెల వచ్చి బజ్జీలు వేస్తానన్నాడు. ఇప్పటికి ఏడు నెలలయింది.

బజ్జీ లేకుండా ఉండలేమంటే బండి దగ్గర కొనుక్కురండి. ఇందులో నాకు నామోషీ కనిపించదు. బండి వాని నూనె పెద్దది, సెగ పెద్దది, చేయి తిరిగినది, పైగా అది అతని బ్రతుకుతెరువు. బయటి తిండి అతిథికి పెట్టరాదన్న నియమం ఎంత పాతదో నాకు తెలియదు గానీ, డబ్బిచ్చి కడుపు నింపుకోవడం మాత్రం ఓరుగల్లులో కొత్తది కాదు. క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు నగరమంతా తిరిగి, పూటకూటి ఇంట ఒక్క రూకకు భోజనం చేస్తారు. ప్యాకెట్లలో వచ్చే మిక్స్చరు, చిప్స్ మీద కూడా నాకు పగ లేదు. రుచి లేదనుకుంటాను, అంతే. ఒక మనిషిని మూడు గంటలు లోపల నిలబెట్టే బజ్జీ కన్నా కత్తెరతో మూతి కోసి పళ్ళెంలో పోసే ప్యాకెట్టే మర్యాదగలది అని ఇవాళ నేను అనగలను. సంప్రదాయవాదులైన నా మిత్రులకు ఈ మాట రుచించదని తెలుసు.

సకినాల గురించి ఒక మాట. వాటిని ఈ జాబితాలో ఎందుకు చేర్చలేదని మా ఇంట్లోనే అడిగారు. నెలరోజులు నిలువ ఉంటాయి, డబ్బా మూత తీస్తే చాలు, నా కొలతకు సరిగ్గా సరిపోతాయి. కానీ బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, తడి ఉండగానే పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తెల్లటి గుడ్డ మీద వేళ్ళతో మెలితిప్పుతూ మూడు నాలుగు వరుసలు చుట్టి, తడి గుడ్డకు పీల్చుకున్న తరువాత వేయించాలి. సంక్రాంతికి వాడకట్టులోని ఆడవారు నలుగురైదుగురు కలిసి ఒకరి ఇంట్లో చుట్టి, మరునాడు ఇంకొకరి ఇంట్లో చుట్టేవారు. చేతులు గుడ్డ మీద, మాటలు ఊరంతా. అంటే సకినాలు చుట్టడమే ఒక కూడిక, దానికి వేరే చిరుతిండి అక్కర లేదు. ఒంటరిగా ఒక మనిషి కూర్చొని మూడు కిలోల సకినాలు చుట్టడం మాత్రం నేను చూడలేను. మేము ఇప్పుడు కొంటున్నాము.

రెండవ సర్వ వచ్చిన నెల, కథ చదివే వేళకు నా శ్రీమతి మొదటిసారి గోడకు చేరబడి మాతోపాటు కూర్చున్నది. కథ వరంగల్లు మిత్రునిదే. అయిపోయిన తరువాత ఆయన పాత ప్రశ్నే వేశాడు. ఈసారి ఆమె సర్వపిండి తునక చేతిలో పట్టుకొని కొంచెంసేపు ఆలోచించి, “బాగనే ఉన్నది గని, సగం కాడనే అయిపోయింది. మీరే ఇంకా సదివిండ్రు” అన్నది. ఎవరూ నవ్వలేదు. మరుసటి నెల ఆయన రాలేదు, రైలు తప్పిందన్నాడు. ఆ పై నెల వచ్చాడు, అదే కథను సగానికి కుదించుకొని.