ఒకే మైకు చుట్టూ...

పెళ్ళి కాకముందు తెగ విన్న పాటని, పిల్లలు పెళ్ళీడుకి వచ్చాక మళ్ళీ విని చూశారా? పాటలో ఒక్క అక్షరం మారి ఉండదు. అయినా అదేమిటో, కొత్త పాటలా వినిపిస్తుంది! ఈ వారం అలాంటి ఓ ఆల్బమ్ గురించి చెప్పుకుందాం. ఇది మన భాషది కాదు, మన దేశానిదీ కాదు. కెనడాలోని టొరంటో నగరంలో పుట్టింది. పేరు 'ది ట్రినిటీ సెషన్'. పాడిన బృందం కౌబాయ్ జంకీస్. 1988లో విడుదలైంది.

'రాక్ సంగీతమా, ఆ చెవులు చిల్లులు పడే మోత మాకెందుకమ్మా' అని పేజీ తిప్పేయకండి. మామూలు రాక్ ధోరణికి ఎడంగా నడిచే సంగీతాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. దానికి వీళ్ళు అమెరికా పల్లెపట్టుల్లో పుట్టిన కంట్రీ బాణీని జోడించారు. హాంక్ విలియమ్స్ 1949లో పాడిన పాటా, ప్యాట్సీ క్లైన్‌కి 1957లో పేరు తెచ్చిన పాటా ఇందులో ఉన్నాయి. ఫిడేలు, మౌతార్గాను, అకార్డియను వినిపిస్తాయి గానీ ఏదీ గొంతు పెంచదు. చంటిపాప నిద్రపోతున్న గదిలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

బృందంలో ముగ్గురు ఒకే ఇంటి పిల్లలు. పెద్దవాడు మైకేల్ టిమ్మిన్స్ గిటారు, చిన్నవాడు పీటర్ డ్రమ్స్ వాయిస్తారు. మధ్యలో పుట్టిన మార్గో పాడుతుంది. నాలుగో మనిషి ఆలన్ ఆంటన్, మైకేల్‌కి చిన్ననాటి స్నేహితుడు. 1987 నవంబరు 27న వీళ్ళంతా కొందరు తోటి కళాకారులతో కలిసి టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చికి చేరారు. 1847లో కట్టిన చర్చి అది. రాక్ బృందమంటే ఎక్కడ వద్దంటారోనని, 'టిమ్మిన్స్ కుటుంబ గాయకులం, క్రిస్మస్ కార్యక్రమం రికార్డు చేసుకుంటాం' అని చెప్పి లోపలికి వెళ్ళారు!

మామూలుగా అయితే ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి, తర్వాత హెచ్చుతగ్గులు సరిచేసుకుంటారు. వీళ్ళు ఒకే ఒక్క మైకు పెట్టి దాని చుట్టూ చేరారు. ఇది మన మైసూరుపాకు లాంటిదే. పళ్ళెంలో పోశాక ఇక దిద్దుకోవడానికి ఉండదు. ఎవరు ఎంత దూరంలో ఉండాలి, ఎవరు ఎంత మెల్లిగా వాయించాలి అన్నది తేలేసరికే ఆరు గంటలు పట్టింది. మార్గోది మెత్తని గొంతు. అది వినపడాలంటే మిగతావాళ్ళు తగ్గాల్సిందే. చివరికి సమయం చాలక, కాపలా మనిషికి పాతిక డాలర్లిచ్చి ఇంకో రెండు గంటలు సంపాదించారు. 'మిస్‌గైడెడ్ ఏంజెల్' అనే పాటని ఒక్క టేకులోనే ముగించారు.

ఆ పాట కోసమే ఇంత చెప్పుకొచ్చాను. ఓ అమ్మాయి తను మనసు పడ్డవాడి గురించి ఇంట్లోవాళ్ళకి చెప్పుకుంటుంది. అతను దుడుకు మనిషి. అతనంటే తనకీ భయమేనని తల్లి దగ్గర ఒప్పుకుంటుంది. అయినా అతనే కావాలంటుంది. పైగా అతని తీరులో తండ్రి పోలికలు కనిపిస్తున్నాయంటుంది! ఇరవై ఏళ్ళ వయసులో వింటే ఆ పిల్ల తెగువ నచ్చుతుంది. ఎదిగిన కూతురున్న తల్లిగా వింటే 'భయం' అన్నచోట గుండె ఝల్లుమంటుంది. ప్రేమించినవాడంటే భయమెందుకు తల్లీ అని అడగాలనిపిస్తుంది. తండ్రి పోలిక అన్నచోట మరో ఆలోచన వస్తుంది. మనింట్లో ఏం చూస్తూ పెరిగింది మన పిల్ల? మగవాడి కోపాన్ని మనమే ప్రేమ కింద జమకట్టి చూపించామా?

ఇంకో సంగతి గమనించండి. ఆ అమ్మాయి తన భయాన్ని అరిచి చెప్పదు. చుట్టూ వాద్యాలన్నీ తగ్గి చోటిచ్చాయి కాబట్టే అది మన చెవిన పడుతుంది. ఇళ్ళల్లో జరిగేదేమిటి? పిల్ల నోరు తెరిచీ తెరవకముందే తండ్రి ఒకపక్క, బామ్మ ఒకపక్క, మనం ఒకపక్క అందుకుంటాం. 'వాడా!' అన్న కేకలో 'భయమేస్తోంది' అన్న చిన్నమాట కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ మన దగ్గరికి రాదు.

2006లో ఈ బృందం మళ్ళీ అదే చర్చికి వెళ్ళి, కొందరు అతిథి గాయకులతో కలిసి అవే పాటలు పాడింది. 'ట్రినిటీ రీవిజిటెడ్' పేరుతో 2007లో అది వచ్చింది. మొదటిసారి మార్గోకి ఇరవై ఆరేళ్ళు. రెండోసారి నలభై అయిదు. కూతురి వయసులో పాడిన పాటని తల్లి వయసులో పాడిందన్నమాట!

ఇప్పుడు రెండూ ఫోనులోనే దొరుకుతున్నాయి. మధ్యాహ్నం పని ముగిశాక మిక్సీ, టీవీ అన్నీ ఆపేసి వినండి. కుదిరితే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. పాట అయ్యాక ఏమనిపించిందో ముందు తననే చెప్పనివ్వండి. మధ్యలో అందుకోకండేం!